విండోస్ 7ను ఇంకా వాడుకోవచ్చా?

విజయనగరంలో శుభలేఖలు అచ్చువేసే మీ దుకాణంలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల ‘అను’ ఫాంట్లు విండోస్ 7 మీదే నడుస్తున్నాయి కాబట్టి దాన్నే వాడుకోవచ్చా అని అడిగారు. వాడుకోవచ్చు, కానీ ఇంటర్నెట్ పూర్తిగా తీసేశాకే. సాధారణ వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో భద్రతా సవరణలు ఆపివేసింది. ఆ తరువాత బయటపడిన లొసుగులను యాంటీవైరస్ పూడ్చలేదు. విండోస్ 7కు క్రోమ్ బ్రౌజర్ కూడా 109వ వెర్షన్‌తో ఆగిపోయింది.

నాకు ఎక్కువ భయం పెన్‌డ్రైవ్‌ల గురించే: పెళ్లివారు ఫొటోలతో తెచ్చినదాన్ని నేరుగా ఆ కంప్యూటర్‌కు పెట్టకుండా, ముందు కొత్త కంప్యూటర్‌లో స్కాన్ చేసి, కావలసిన ఫొటోలను మాత్రమే మీ సొంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఏర్పాటును (ఆటోప్లే) ఆపివేయండి. బ్యాంకు పని ఆ విండోస్ 7 కంప్యూటర్‌లో వద్దే వద్దు. పాత శుభలేఖల ఫైళ్లను వారానికొకసారి విడి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి.