సునామీ మోడలింగా, సీఎస్ఈనా?

మచిలీపట్నం నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. భూకంపం వస్తే సునామీ ఎక్కడిదాకా వస్తుందో కంప్యూటర్లో లెక్కకట్టే పని చేస్తానంటోందట, వీళ్లేమో సీఎస్ఈలో ఏఐ అంటున్నారు, రెండూ పోల్చి చెప్పమన్నారు.

పోలిక సరే సర్, మీ అసలు భయం వేరే కదా: రేపు ఉద్యోగం రాకపోతే ఎలా, చుట్టాలడిగితే ఏం చెప్పాలి. ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది, సబ్జెక్టు పేరే మారుద్ది.

2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చాక మన కోస్తాకి అల రావడానికి రెండు గంటలపైనే పట్టింది, అయినా చెప్పే నాథుడు లేడు, హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదప్పటికి. 2007లో హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక సెంటర్ పెట్టారు. భూకంపం వచ్చాక లెక్క మొదలెడితే టైం చాలదు, అందుకే అక్కడివాళ్లు ఫలానా చోట ఫలానా తీవ్రతతో వస్తే అల ఎటు పోతుందో ముందే కంప్యూటర్లో రన్ చేసి దాచుకుంటారు, వచ్చినప్పుడు దానికి దగ్గరున్నది తీస్తారు. ఒడ్డు దాటాక ఇంకా చిక్కు. నేల ఎత్తు డేటాలో ఒక్క మీటరు తప్పున్నా ఊరు మునుగుద్దా లేదా అన్నదే మారిపోద్ది, మీ కృష్ణా డెల్టా లాంటి చదును నేలలో మరీను.

ఇక మీ ఏఐ. చాలా కాలేజీల్లో అది పాత సీఎస్ఈకి కొత్త బోర్డే, లెక్కలు గట్టిగా చెప్పేవాళ్లు లేకపోతే నాలుగేళ్లయ్యాక మిగిలేది సర్టిఫికెట్లు. పైగా పెద్ద సునామీలు రికార్డైనవి బాగా తక్కువ, కాబట్టి ఇక్కడ ఏఐకి నేర్పాలన్నా ఆ డేటాని చాలావరకు ఇలా అల లెక్కకట్టే ఫిజిక్స్ మోడళ్లే పుట్టించాలి. ఈ మాట ఆ బ్రాంచి అమ్మేవాళ్లు చెప్పరు.

మీ అమ్మాయి దారిలో సర్కారు పోస్టులు తక్కువే, మొదట్లో ప్రాజెక్ట్ కాంట్రాక్టులు, పీహెచ్‌డీ దాకా పోవాల్సి రావచ్చు. కానీ ఫోర్ట్రాన్, పైథాన్ ప్రోగ్రామింగ్, లైనక్స్ చేతిలో ఉన్న పిల్ల ఖాళీగా కూర్చోదు, ఇన్సూరెన్స్ రిస్క్ కంపెనీలు, పోర్టు కన్సల్టెన్సీలు, వాతావరణ మోడలింగ్ అన్నీ ఇదే పని అడుగుతాయి. పైగా ఇప్పుడే తేల్చక్కర్లేదు. సివిల్ చేసినా, ఫిజిక్స్ డిగ్రీ చేసినా, ఆఖరికి మీ సీఎస్ఈనే చేసినా పీజీలో ఇటు మళ్లొచ్చు.

ఒకటి మాత్రం గట్టిగానే అంటాను. మార్కులు రాశారు, కోచింగ్ ఫీజు కూడా రాశారు, తనకి ఇదెందుకు కావాలో ఒక్క ముక్క లేదు. అసలు అడిగారా?

జియోక్లా అని సునామీ లెక్కలు కట్టే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, 2010 చిలీ సునామీ ఉదాహరణ దాంతోనే వస్తుంది. సెలవుల్లో మీ ల్యాప్‌టాప్‌లో రన్ చేయమనండి, ఎర్రర్లతో విసిగిపోద్ది. అయినా వదలకపోతే మళ్లీ రాయండి, అప్పుడు కాలేజీల సంగతి చూద్దాం.