తీగ లాగితే: చప్పుడు లేని గిటారుతో కచేరీకి పోవచ్చా?

పోయిన నెల ఇదే శీర్షికలో నా సైలెంట్ గిటారు గురించి రెండు ముక్కలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. అదేందో తెలియని వాళ్ల కోసం ముందుగా చెప్పేస్తాను. మామూలు గిటారుకుండే డొల్ల పెట్టె దీనికి ఉండదు. నడుమ సన్నటి చెక్క మొండెం, దానికి మెడ, గిటారు ఆకారం తెలిసేలా అటూ ఇటూ వంచిన చెక్క చట్రం. మధ్యలో అంతా ఖాళీనే, అవతలి గోడ కనిపిస్తుంది. తీగల కింది కొస ఆనే బ్రిడ్జి కింద పీజో పికప్, అంటే అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క ఉంటుంది, తీగ అదురును అదే పట్టుకుంటుంది. లోపలి సర్క్యూట్ దాన్ని హెడ్‌ఫోనుకో మిక్సరుకో పంపుతుంది. నా దగ్గరుండేది యమహా ఎస్‌ఎల్‌జి200ఎస్, స్టీలు తీగలది. ఈ వరస 2015లో వచ్చింది. బరువు రెండు కిలోల పైచిలుకు. రిసెప్షన్లకు, హోటల్ లాబీలకు, అప్పుడప్పుడు భజనలకు దాన్నే భుజాన వేసుకుని పోతుంటాను కాబట్టి కింద రాసినవి అమ్మేవాడి మాటలు కావు, వాయించేవాడి మాటలు.

ప్రశ్న: చెన్నైలో ఉద్యోగం అన్నా. శని, ఆదివారాలు తిరుపతికి వస్తాను. ఇంట్లో రెండే గదులు, అమ్మకు నిద్ర పల్చన. రాత్రి పదకొండు దాటినాక వాయించుకోవాలని ఆశ. నిజంగా చప్పుడు చేయదా? అంత డబ్బు పెట్టొచ్చా?
— ఒక పాఠకుడు, కొర్లగుంట

జవాబు: చేస్తుంది తమ్ముడూ. ప్లగ్గు పెట్టని ఎలక్ట్రిక్ గిటారుకు ఎంత శబ్దం ఉంటుందో ఇంచుమించు అంత. పక్క గదిలో తలుపేసుకుని పడుకున్న అమ్మకు వినపడదు. అదే గదిలో పడుకుంటే మాత్రం ప్లెక్ట్రం (మీటే బిళ్ల) తీగను గీకినప్పుడల్లా టిక్కుమంటుంది. వేళ్లతో వాయిస్తే అదీ తగ్గిపోతుంది. అందరూ మరిచేది పాదాన్ని. తాళం వేస్తూ మడమతో నేలను తన్నేవాళ్లయితే కింది ఫ్లోరుకు గిటారు వినపడదు గానీ మడమ వినపడుతుంది. చాప పరుచుకుని కూచో.

హెడ్‌ఫోన్ వైరుదే వాడు. బ్లూటూత్‌ది పెడితే తీగ మీటినాక ఒక లిప్త ఆలస్యంగా చెవికి చేరుతుంది. పాటలు వినడానికి ఆ ఆలస్యం తెలియదు, వాయించేటప్పుడు లయను తినేస్తుంది. ఫోన్లో పాట పెట్టుకుని దాంతోపాటు వాయించాలంటే ఆక్స్ సాకెట్ ఉంది, ఫోను వైరు అందులో గుచ్చితే పాటా గిటారూ కలిసి వినపడతాయి. రివర్బ్ మీద, అంటే స్వరాన్ని మార్మోగించే నాబ్ మీద, కొంచెం అదుపు పెట్టుకో. రాత్రిపూట హెడ్‌ఫోన్లో రివర్బ్ పెంచుకుంటే ఎవరైనా గొప్ప విద్వాంసుడే అనిపిస్తారు, సరిగా పడని వేళ్లన్నీ దాంట్లో దాక్కుంటాయి.

డబ్బు సంగతి. ఇప్పటికే ఒక మామూలు గిటారు ఉండి, ఇది రెండోది అవుతుందంటే కొను. వారం వారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిపోయే మనిషివి, చెన్నై హాస్టల్ గదికీ ఇదే పనికొస్తుంది. ఉండేది ఇదొక్కటే అయితే ఆలోచించు. మిద్దె మీద స్నేహితులు చేరి పాడుకుంటున్నప్పుడు నీ గిటారు ఒక్కటే మూగగా ఉంటుంది.

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. గిటారు నేర్పిద్దామనుకుంటున్నాం. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలున్నారు, గొడవ లేకుండా మొదటే ఇది కొంటే మేలు కదా?
— ఒక తల్లి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: వద్దమ్మా. ఇది పెద్దవాళ్ల కొలత గిటారు. స్టీలు దాంట్లో నట్టు (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 634 మిల్లీమీటర్లు, పదేళ్ల చెయ్యి మెడ పైకొసనుండే మొదటి ఫ్రెట్టు (మెడకు అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దాకా చాచి వాయించలేదు. త్రీ ఫోర్త్ సైజు నైలాన్ తీగల గిటారు కొనండి. ఇంకో సంగతి, గట్టిగా మీటితే పెట్టె ఎట్లా పలుకుతుంది, మెల్లిగా మీటితే ఎట్లా పలుకుతుంది అన్నది పిల్లలు పొట్టకు ఆనించుకునే నేర్చుకుంటారు. వాల్యూమ్ నాబ్ తిప్పడం ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. పక్కింటి పిల్లల పరీక్షలు ఏప్రిల్‌కు అయిపోతాయి.

ప్రశ్న: ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాను అన్నా. స్నేహితుడి సైలెంట్ గిటారు అడిగి తెచ్చుకుని ఒక రిసెప్షన్‌కు పోయినాను. స్పీకర్లలో ఒకటే గుయ్యిమని హమ్ము. పైగా నేను వాయించేది నాకే వినపడలేదు. ఇంట్లో హెడ్‌ఫోన్లో అంత తియ్యగా పలికింది హాల్లో రేకు డబ్బా మాదిరి వినపడింది. లోపం గిటారుదా, నాదా?
— ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: గిటారుదీ కాదు, నీదీ కాదు. ఇది అరువు గొంతుతో బతికే వాయిద్యం. మామూలు గిటారుకు దాని గొంతు దానికే ఉంటుంది, దీనికి గొంతు మైక్‌సెట్ వాళ్లు ఇవ్వాలి. మొదటిసారి దీన్ని తీసుకుని పోయినప్పుడు మైక్‌సెట్ అన్న చట్రంలోంచి చెయ్యి అవతలికి పోనిచ్చి చూసి, 'దీనికి మైకు యాడ పెట్టేది సామీ?' అని అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. మైకు పెట్టే చోటు లేదు కాబట్టి అంతా వైరు మీదే ఆధారం.

ముందు హమ్ము చూద్దాం. కళ్యాణ మండపంలో స్టేజీ వెనక్కి పోయి ఒకసారి వంగి చూడు. సీరియల్ సెట్లకు పోయే వైర్లు, వీడియో వాళ్ల లైట్ల వైర్లు, డెకరేషన్ వాళ్ల ఎల్‌ఈడీ అడాప్టర్లు, అన్నిటి మీదుగా మన గిటారు కేబుల్. మిక్సరేమో హాలు చివర, భోజనాల గదికి పోయే దారిలో ఉంటుంది. అంత దూరం మామూలు గిటారు కేబుల్ లాగితే దారి పొడుగునా ఉండే కరెంటు గోలనంతా పోగేసుకుని మిక్సరుకు అందిస్తుంది. దీనికి మందు డీఐ బాక్సు. చేతిలో పట్టే ఇనప డబ్బా. గిటారు నుంచి పొట్టి కేబుల్ అందులోకి, అందులోంచి మైకు కేబుల్ మిక్సరుకు. మైకు కేబుల్లో నీ సిగ్నల్ రెండు తీగల మీద పోతుంది, ఒకదాంట్లో మామూలుగా, ఒకదాంట్లో తలకిందులుగా. దారిలో ఎక్కే గోల మాత్రం రెండిట్లోనూ ఒకే తీరుగా ఎక్కుతుంది. మిక్సరు ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేసేసరికి గోల కొట్టుకుపోయి నీ పాట మిగులుతుంది. డబ్బా పక్కన గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. ఇంకా గుయ్యిమంటుంటే అది నొక్కి చూడు, చానాసార్లు అక్కడితో ఆగిపోతుంది. గిటారులోనే సిగ్నల్‌కు బలమిచ్చే ప్రీయాంప్ ఉంది కాబట్టి కరెంటుతో నడిచే ఖరీదైన యాక్టివ్ డీఐ అక్కర్లేదు, కరెంటు అడగని పాసివ్‌ది సరిపోతుంది. మైక్‌సెట్ వాళ్ల దగ్గర ఉంటుందిలే అని మాత్రం పోవద్దు. నీది నువ్వు కొనుక్కుని పైన నీ పేరు రాసుకో, లేదంటే సామాను సర్దే హడావిడిలో వాళ్ల పెట్టెలోకి పోతుంది.

స్టేజీ మీద అడాప్టర్ జోలికి పోవద్దు. రెండు డబుల్ ఎ సెల్లతో నడిచే వస్తువు ఇది. కొత్త సెల్లు వేసుకుని పో, ఇంకో జత జేబులో పెట్టుకో. జనరేటరు మీద నడిచే మండపంలో ఆ జంక్షన్ బాక్సును నమ్మి నీ సిగ్నల్‌ను దానికి ముడిపెట్టడం దేనికి?

ఇక రేకు డబ్బా గొంతు. ఎస్‌ఎల్‌జి200లో ఒక బ్లెండ్ నాబ్ ఉంది. ఒక కొసకు తిప్పితే వట్టి పీజో, ఇంకో కొసకు తిప్పితే స్టూడియోలో మైకు పెట్టి రికార్డు చేసిన ఎకూస్టిక్ గిటారును అనుకరించే గొంతు. స్నేహితుడిది ఆ మోడలే అయి, నాబ్ పీజో కొసకు ఉండుంటే నువ్వు విన్నది పీజోనే. అట్లాగని పూర్తిగా మైకు వైపు తిప్పినా కష్టమే. హెడ్‌ఫోన్లో అది అమృతం, డ్రమ్ములూ కీబోర్డూ మోగే హాల్లో బురద. నేను నడిమికి పెట్టి, అక్కడి నుంచి పీజో వైపు ఒక పిసరు జరుపుతాను. మెలొడీ పాటలకు వెనక్కి తెస్తాను. గిటారులోని రివర్బ్ హాల్లో పూర్తిగా ఆపేయ్. మన మండపాలకు నున్నటి గోడలు, టైల్స్ నేల, కావాల్సినంత రివర్బ్ కట్టినవాడే పెట్టి పోయినాడు. బాస్ కొంచెం తగ్గించు, ఆ చోటు బాస్ గిటారుది.

నీకు నువ్వు వినపడకపోవడమే అసలు జబ్బు. మామూలు గిటారయితే మానిటర్ (వాయించేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకరు) లేకపోయినా పెట్టె అదురు ఛాతీకి తగులుతుంది, తాళం తప్పవు. దీనికి ఆ అదురు లేదు. మానిటర్ అడుగు, ఇస్తే సంతోషం. ఇవ్వకపోయినా దారి ఉంది. గిటారు హెడ్‌ఫోన్ సాకెట్‌లో ఇయర్‌ఫోన్ గుచ్చి ఒక్క చెవికే పెట్టుకో, ఇంకో చెవి పాడేవాళ్లకు వదిలెయ్. స్టేజీ మీద మిగతావాళ్లు 'నాకు వినపళ్లేదు, పెంచన్నా' అని సైగలు చేస్తుంటే నువ్వు నిమ్మళంగా వాయించుకోవచ్చు.

దీంట్లో ఒక మేలు కూడా ఉంది. డొల్ల లేదు కాబట్టి మామూలు ఎకూస్టిక్ మాదిరి స్పీకరు దగ్గరికి పోగానే కూత పెట్టదు. తిరుచానూరు రోడ్డులో ఒక చిన్న హాల్లో మెయిన్ స్పీకరు నా వీపు వెనకే పెట్టినారు, జరగడానికి చోటు లేదు. డొల్ల గిటారయితే ఆ పూట కచేరీ అంతా కూతలే. కీడు కూడా ఆ సాయంత్రమే చూశాను. కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపల తబలా నడిచింది, పాట నడిచింది, జనం చప్పట్లు కలిపినారు. నా వేళ్లు ఊరికే తీగల మీద ఆడినాయి. ఇంకొకటి, గిటారు పెట్టె మీద కొట్టి తాళం పలికించే అలవాటుంటే ఇక్కడ సాగదు. కొట్టడానికి పెట్టె ఏదీ?

ప్రశ్న: దీన్ని ట్రావెల్ గిటారు అంటారు కదా, రేణిగుంట నుంచి విమానంలో చేతి సామానుగా తీసుకుపోనిస్తారా?
— ఒక పాఠకుడు, ఎం.ఆర్.పల్లి

జవాబు: పై చట్రం ఊడదీస్తే వెడల్పు తగ్గుతుంది, పొడవు తగ్గదు. మెడ మడవడానికి రాదు. బ్యాగుతో కలిపి ఒక మీటరు అనుకోండి. మన దేశంలో ఎక్కువ విమానాల్లో చేతి సామానుకు ఏడు కిలోలు, మూడు వైపులా కలిపి 115 సెంటీమీటర్లు లెక్క. బరువు పరీక్షలో సులువుగా పాసవుతుంది, కొలతలో ఫెయిల్. ఏటీఆర్ లాంటి చిన్న విమానమయితే పైన అరలు ఇంకా చిన్నవి. టికెట్ కొనేముందే ఆ కంపెనీని అడిగి, సరే అంటే ఆ మాట రాతలో తీసుకోండి. రైలుకు మాత్రం దీన్ని మించింది లేదు. పై బెర్తులో గోడ వైపు నిలువునా పెట్టి పక్కన పడుకోవచ్చు, ఆర్టీసీ బస్సులో మోకాళ్ల నడుమ నిలబెట్టుకోవచ్చు.

మే నెల ఎండలో అలిపిరి పార్కింగులో కారు డిక్కీలో వదిలి కొండకు పోవద్దు. పల్చటి పై పలక లేదు కాబట్టి పగిలేదేమీ లేదని కొందరంటారు. నిజమే, వాన, ఎండ మార్పులు దీనికి మామూలు గిటారంత తగలవు. కానీ మెడ చెక్కే, అతుకులు జిగురే.

ప్రశ్న: నేను సంగీత కళాశాల విద్యార్థిని. వీణ నేర్చుకుంటున్నాను, గిటారు మీద కూడా గమకాలు ప్రయత్నిస్తున్నాను. ఈ సైలెంట్ గిటారు మీద కర్ణాటక సంగీతం పలుకుతుందా? కచేరీలో ఒప్పుకుంటారా? స్టీలు మేలా, నైలాన్ మేలా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీది. పలుకుతుందమ్మా, కొన్ని చోట్ల మామూలు గిటారు కంటే బాగా పలుకుతుంది. డొల్ల గిటారులో తీగ శక్తి పై పలకను అదిలించడానికి త్వరగా ఖర్చయిపోతుంది, అందుకే శబ్దం పెద్దది, ఆయుష్షు చిన్నది. ఇక్కడ అదిలించాల్సిన పలక లేదు, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. తోడి రాగంలో గాంధారాన్ని ఊపేటప్పుడు ఊపు పూర్తి కాకముందే స్వరం చచ్చిపోవడమే కదా గిటారుతో మన బాధ.

స్టీలే తీసుకోండి. గమకానికి తీగను పక్కకు లాగాలి, నైలాన్ అంతగా లొంగదు. కంపెనీ తీగలు కొంచెం లావు, వాటి బదులు పది నంబరు సెట్టు వేయించుకోండి. పీజో తీగ అదురును మాత్రమే చూస్తుంది కాబట్టి ఏ లోహమైనా దానికి పట్టింపు లేదు. సన్న తీగలు వేసినాక మెడ వంపు ఒకసారి తెలిసినవాళ్లతో సరిచేయించాలి, లేకపోతే కొన్ని ఫ్రెట్ల దగ్గర జిర్రుమంటుంది. మెడ వెడల్పు కూడా చూసుకోండి, స్టీలు దాంట్లో నట్టు దగ్గర 43 మిల్లీమీటర్లు, నైలాన్‌లో 50, క్లాసికల్ గిటారు మాదిరి వెడల్పు మెడ ఉండే నైలాన్ రకంలో 52. ఆక్స్ సాకెట్‌లో ఫోను పెట్టి శ్రుతి యాప్ వేసుకుంటే తంబురా, గిటారు ఒకే చెవిలో వినపడతాయి. హాస్టల్లో తెల్లవారుజామున సాధనకు ఇంతకంటే ఏం కావాలి?

ఒప్పుకుంటారా అన్నదానికి జవాబు మన పాలకొల్లులోనే పుట్టింది. మాండలిన్ యు. శ్రీనివాస్ పిల్లవాడుగా ఉండగానే ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కచేరీలకెక్కినారు, దాన్ని అయిదు తీగలకు మార్చుకుని కర్ణాటక వాయిద్యం చేసినారు. కరెంటు వాయిద్యమని జనం లేచిపోలేదు. మృదంగం ముందు కూచోవాలంటే మీకు మానిటర్ తప్పనిసరి, పుత్తూరు తమ్ముడికి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఒకటి దొరికింది. ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: హెడ్‌ఫోన్ తీసుకుని పోండి. ఆరు తీగలూ ఒకే బలంతో మీటండి, ఒక తీగ నీరసంగా వినపడితే బ్రిడ్జి కింద పీజో సరిగా కూచోలేదు. అన్ని నాబ్‌లూ తిప్పండి, జాక్ పెట్టి కేబుల్ అటూ ఇటూ కదిలించండి, చిటపటలాడకూడదు. చట్రం ఊడదీసి మళ్లీ బిగించమని అమ్మేవాడినే అడగండి, అతని చెయ్యి తడబడితే స్క్రూ మర అరిగిందేమో చూడండి. చివరగా సెల్లు పెట్టే మూత తెరవండి. వాడకుండా సెల్లు లోపలే వదిలేసిన గిటార్లలో అవి కారి రేకుల మీద పచ్చటి తుప్పు పడుతుంది. అది కనపడితే వెయ్యి తగ్గించమని బేరమాడొద్దు, దండం పెట్టి వచ్చెయ్యండి.