చచ్చిన చేపలు ఒడ్డుకు రాకపోతే చమురు వల్ల చేపలకు నష్టం లేనట్టేనా?

మీరు చెప్పింది ఇదీ: ఓడలోంచి చమురు ఒలికి పది రోజులైంది, ఒడ్డుకు చచ్చిన చేపలు కొట్టుకురాలేదు, పట్టిన చేపల కండ పరీక్షిస్తే అందులోనూ ఏమీ తేలలేదు. కాబట్టి చేపలు బాగానే ఉన్నట్టా? ఈ రెండింటినీ నమ్ముకుంటే అసలు నష్టం కంటికి ఆనదు.

ముందు శవాల సంగతి. చమురు తెట్టు నీటి పైన తేలుతుంటే పెద్ద చేపలు కిందికో పక్కకో తప్పుకుంటాయి. చచ్చినవాటిలోనూ చాలా మటుకు మునిగిపోతాయి, లేదా పక్షులు ఎత్తుకుపోతాయి. డీజిల్ లాంటి తేలిక నూనె లోతు తక్కువ నీళ్లలో పడితేనో, పెద్ద అలలు చమురును నీళ్లలో చిలికేస్తేనో పెద్ద చేపలకు గట్టి దెబ్బ తగులుతుంది. 1993 జనవరిలో షెట్లాండ్ దీవుల దగ్గర బ్రేయర్ ట్యాంకరు నుంచి 84 వేల టన్నులకు పైగా తేలిక రకం ముడి చమురు పోయింది. తుఫాను దాన్ని నీళ్లలో కలిపేయడంతో పైన తెట్టు అంతగా నిలవలేదు. కానీ వలపంజరాల్లో పెంచుతున్న సాల్మన్‌కు తప్పించుకునే దారి లేక కంపెక్కింది, అమ్మకానికి పనికిరాలేదు.

నా లెక్కలో అసలు చూడాల్సింది గుడ్లనూ అప్పుడే పొదిగిన పిల్లలనూ. చాలా సముద్రపు చేపల గుడ్లు నీటి పైపొరల్లోనే తేలుతాయి, ఎటూ కదల్లేవు. చమురులోంచి నీటిలో కరిగే పీఏహెచ్‌లు (పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు, అంటే కార్బన్ వలయాలు అతుక్కుని ఉండే విష రసాయనాలు), అందులోనూ ఫెనాంత్రిన్ లాంటి మూడు వలయాలవి, నేరుగా గుండె మీద పడతాయి. గుండె కండర కణంలోంచి పొటాషియం బయటికి పోయే దారి మూసుకుంటుంది, కాల్షియం రాకపోకలు గాడి తప్పుతాయి. దాంతో గుండె నెమ్మదిస్తుంది, లయ చెడుతుంది. మైక్రోస్కోపు కింద పెడితే గుండె చుట్టూ నీరు చేరి సంచి ఉబ్బి కనిపిస్తుంది, గుండె సాగిన దారంలా సన్నబడి ఉంటుంది. దవడ చిన్నది, వెన్ను వంకర. ఇవి కళ్లెదుట చచ్చేవి. వీటికంటే మోసం చేసేవి బతికి బయటపడేవి: బయటికి మామూలుగానే ఉంటాయి, కానీ గుండె ఆకారం మారిపోయి గట్టిగా ఈదలేవు, వేటచేపల నోట్లో ముందు పడేవి ఇవే. పింక్ సాల్మన్, హెర్రింగ్ గుడ్ల మీద ప్రయోగాల్లో లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల పీఏహెచ్‌లకే ఇలాంటి మార్పులు కనిపించాయి.

ఇంకో సంగతి. ఒళ్లు పారదర్శకంగా ఉండే పిల్లల మీద ఎండ పడితే విషం తీవ్రత చాలా రెట్లు పెరుగుతుంది. ట్యూబ్‌లైటు కింద చేసిన పరీక్షలో పిల్లలు బతికాయని ఎవరైనా రిపోర్టు ఇస్తే, అతినీల కిరణాలు ఇచ్చారా అని అడగండి.

కాలమూ ముఖ్యమే. ఎక్సన్ వాల్డెజ్ చమురు ఓడ 1989 మార్చి 24న అలాస్కాలో రాతిగుట్టకు కొట్టుకుంది, సరిగ్గా హెర్రింగ్ గుడ్లు పెట్టే రోజుల ముందు. అక్కడి హెర్రింగ్ 1993లో కుప్పకూలింది. దాన్నంతా చమురు ఖాతాలో వేయడం మాత్రం తొందరపాటే, జబ్బులతో సహా వేరే కారణాల మీద వాదన నడుస్తూనే ఉంది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి, అది తవ్వుతున్న చమురు బావి 87 రోజులు పొంగింది, అదీ బ్లూఫిన్ ట్యూనా గుడ్లు పెట్టే కాలంలోనే మొదలైంది.

ఇక కండ పరీక్ష. చేప కాలేయం పీఏహెచ్‌లను చకచకా విరగ్గొట్టి పిత్తంలోకి పంపేస్తుంది, అందుకే కండ శుభ్రంగా కనిపిస్తుంది. చేపకు చమురు తగిలిందా అని తేల్చాలంటే పిత్తం తీయాలి. ప్రాణంతో ఉన్న చేపే కావాలి, వలలో గంటల తరబడి చచ్చి ఉన్నది వద్దు. పొట్ట కోసి, సన్న సూది సిరంజితో పిత్తాశయంలోంచి లాగి, ముదురు రంగు గాజు సీసాలో వేసి, వెలుతురు తగలకుండా వెంటనే గడ్డకట్టించండి. కడుపు నిండా మేత ఉన్న చేపలో పిత్తాశయం ఖాళీ అయిపోయి ఉంటుంది. దాన్ని మేత లేని చేపతో పోలిస్తే లెక్క తప్పుతుంది, అందుకే కడుపులో ఏముందో రాసుకోవాలి. చమురు చేరని చోటి నుంచి అదే జాతి, అదే సైజు చేపలు తప్పకుండా ఉండాలి.

నీటి నమూనాలో జనం ఎక్కువగా తప్పేది తెట్టులోంచి సీసా ముంచడంలో. తెరిచిన సీసా కిందికి దించితే పైపొర చమురే లోపల చేరుతుంది. మూసిన గాజు సీసాను కావలసిన లోతుకు దించి అక్కడ మూత తెరవాలి, మూసి పైకి లాగాలి. ప్లాస్టిక్ సీసా వద్దు, పీఏహెచ్‌లు గోడకు అంటుకుంటాయి. పడవ ఇంజను పొగ తగలని వైపు నిలబడి తీయండి, అదే ప్రయాణంలో శుభ్రమైన నీళ్లు నింపిన సీసా ఒకటి పోలిక కోసం కూడా పెట్టండి. ఐసులో ఉంచి ఏడు రోజుల్లోపు ల్యాబులో నీళ్లలోంచి పీఏహెచ్‌లను వేరుచేసే పని మొదలుకావాలి.

డిస్పర్సెంట్ (తెట్టును చిన్న బొట్లుగా విడగొట్టే మందు) చల్లారని తెలిస్తే పైన నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన సరేననుకోవద్దు. చమురు చిన్న బొట్లుగా కిందికి దిగిందంతే. పక్షులకూ ఒడ్డుకూ అది మేలు, పైపొర కింద ఉన్న గుడ్లకు భారం పెరుగుతుంది.

ఇక ఆ చేపలు తినడం సంగతి: మామూలు చేప వారాల్లో శుభ్రపడవచ్చు, ఆలిచిప్పలకు పీఏహెచ్‌లను విరగ్గొట్టే శక్తి చాలా తక్కువ, వాటిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. వేట తెరిచే అనుమతి రెండింటికీ ఒకే రోజు ఇస్తే ఎందుకో అడగండి. వాసన పరీక్షా, రసాయన పరీక్షా రెండూ కావాలి. కిరసనాయిలు వాసన రాని చేపలోనూ పీఏహెచ్ ఉండొచ్చు, వాసన వచ్చేది ఎలాగూ ఎవరూ కొనరు.