బుజ్జీ, మొదటి క్లాసులో స్లైడ్లు వద్దు

చి. బుజ్జికి,

అవయవదానం మీద ఐసీయూ డాక్టర్లకు నువ్వు ట్రైనింగ్ ఇవ్వబోతున్నావని మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. సంతోషమా, భయమా అంటే రెండూ. మా పెరట్లో జామచెట్టుకే పాఠాలు చెప్పినదానివి, క్లాసుకేం, బాగానే చెప్తావు.

బ్రెయిన్ డెడ్ అని, అంటే మెదడు పూర్తిగా చచ్చిపోయిందని, తేల్చే రూల్సు నీకు తెలుసు. నలుగురు డాక్టర్ల బోర్డు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు, మార్పిడి చేసే టీములో ఎవరూ ఆ బోర్డులో ఉండకూడదు. మత్తుమందు ప్రభావం పోయిందో లేదో చూడకుండా పరీక్ష మొదలుపెట్టేవాణ్ని క్లాసు బయట నిలబెట్టు. యాక్సిడెంట్ కేసైతే పోలీసులకు ముందే కబురు. ఆ తర్వాత బీపీ పడిపోవడం, యూరిన్ లీటర్ల కొద్దీ పోవడం, వాటికిచ్చే వాసోప్రెసిన్ మందు ఎలాగూ మీ స్లైడ్లలో ఉంటాయి.

ఉండనిది ఒకటి చెప్తాను. మీ అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

2013లో అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ రావడానికి చాలా ముందు సంగతి. బైకు మీద నుంచి పడ్డ కుర్రాడు, ఇరవై రెండేళ్లు. రెండో పరీక్ష అయ్యేసరికి రాత్రి పదకొండు. వాళ్ల నాన్న భుజాన తువ్వాలుతో లిఫ్టు పక్కన నిలబడి ఉన్నాడు. నేనూ నిలబడే చెప్పాను. "మీవాడికి బ్రెయిన్ డెడ్ అయిందండీ. మిషను మీద ఉంచాం. కిడ్నీలు ఇస్తే ఇద్దరు బతుకుతారు." మూడు ముక్కలూ ఒక్క గుక్కలో.

"అయితే బతికే ఉన్నాడా బాబూ?" అన్నాడాయన.

"గుండె కొట్టుకుంటోంది, కానీ..." అని నసిగాను.

ఆయన లోపలికెళ్లి కొడుకు పాదం పట్టుకున్నాడు. బొటనవేలు కదిలింది. అది వెన్నుపాము నుంచి వచ్చే కదలిక, మెదడుతో దానికి పని లేదు. నాకు తెలుసు, ఆయనకు చెప్పలేదు. "కాలు కదుపుతుంటే కిడ్నీలడుగుతావా?" అన్నాడు, అంతవరకూ బాబూ అన్న మనిషి. తెల్లారకముందే అంబులెన్సులో, బావమరిది చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతుంటే, ఇంకో ఊరు తీసుకెళ్లిపోయారు. నాలుగు రోజులకు గుండె ఆగిందట. ఆ నాలుగు రోజులకూ ఎకరం పొలం అమ్మారట. కిడ్నీలు రాలేదని నాకు బాధ లేదు బుజ్జీ. ఆ ఎకరం ఇంకా గుచ్చుతూనే ఉంది.

అందుకే మొదటి క్లాసులో ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి ఆ కబురు తెలుగులో చెప్పించు. బ్రెయిన్ డెడ్ అంటే మనవాళ్లు కోమా అనుకుంటారు. "చనిపోయాడు" అనాలి. ఊపిరి మిషనుదని, కాలో చెయ్యో కదలొచ్చని ముందే చెప్పాలి. వాళ్లు ఇష్టపడితే ఇంట్లోవాళ్లలో ఒకర్ని ఆప్నియా టెస్టు, అంటే మిషను తీస్తే సొంతంగా ఊపిరి తీస్తాడేమో చూసే పరీక్ష, చూడనివ్వండి. తర్వాతెప్పుడో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని మంచం పక్కనే నిలబడింది. వెంటిలేటర్ తీసి, ట్యూబులోకి ఆక్సిజన్ మాత్రం వదిలాం. ఎనిమిది నిమిషాలు మొగుడి ఛాతీ లేవలేదు. నేను నోరు తెరవక్కర్లేకపోయింది.

చావు కబురు చెప్పిన నోటితోనే దానం అడగొద్దు. ముందు ఏడవనివ్వండి. స్పెయిన్‌లో దానం గురించి కుటుంబంతో మాట్లాడే కోఆర్డినేటర్లు ఎక్కువమంది ఐసీయూ డాక్టర్లేనని మీరంటారు. నిజమే, 1989 నుంచి కట్టుకున్న పద్ధతి అది. ఇక్కడ "కిడ్నీల కోసం చంపేశారు" అన్న మాట పుట్టడానికి ఒక్క పూట చాలు. వైద్యం చేసిన మనిషి అడగకుండా కోఆర్డినేటర్‌కే వదిలేస్తే మంచిదని నా పట్టుదల. పిరికితనమంటావా, అను. వద్దన్నవాళ్ల దగ్గర మాత్రం ముఖం చిట్లించొద్దు.

నర్సుల్ని కూడా పిలువు. మనం అంత చెప్పి బయటికొచ్చాక, అలవాటుకొద్దీ ఎవరో ఒకరు "బీపీ బాగుందమ్మా" అంటారు. అంతే, మళ్లీ మొదటికి.

క్లాసు రోజు ఖాళీ కడుపుతో వెళ్లకు, నీకు ఆ జబ్బుంది. అయ్యాక ఫోన్ చెయ్యి. పదకొండు దాటినా ఫరవాలేదు, ఆ వేళకు నాకెలాగూ నిద్ర పట్టదు.

మీ మావయ్య