సాఫ్ట్‌వేర్ కొనే ముందు మీ ఎక్సెల్‌లో ఆ ఒక్క గడి చూసుకోండి

విమానాశ్రయానికి ఇరవై ఏళ్ల మాస్టర్ ప్లాన్ వేస్తున్నామని, నిర్ణయాలకు ఆసరాగా ఏ టూల్ కొనాలని అడిగారు. టెర్మినల్ ప్లానింగ్‌లో చాన్నాళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నా: సిమ్యులేషన్ ప్యాకేజీకి, అంటే ప్రయాణికుల, విమానాల కదలికలని కంప్యూటర్‌లో నడిపి చూపే సాఫ్ట్‌వేర్‌కి, అప్పుడే తొందరపడకండి. సెక్యూరిటీ దగ్గర క్యూ ఎంత, రన్‌వే మీద గంటకి ఎన్ని విమానాలు దిగుతాయి లాంటి దగ్గరి ప్రశ్నలకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ ఇరవై ఏళ్ల తర్వాతి షెడ్యూల్ ఎవరి దగ్గరుంది? మనమే ఒకటి అల్లి ఇస్తాం, అది సెకన్లతో సహా లెక్కగట్టి చూపిస్తుంది. ఆ రంగురంగుల బొమ్మలు చూశాక మీటింగ్‌లో ఎవరూ నోరు మెదపరు.

మా ప్రాజెక్టులో జరిగింది ఇదే. ఏడాది ప్రయాణికుల సంఖ్య నుంచి పీక్ అవర్, అంటే బాగా రద్దీగా ఉండే గంటలో ఎంతమంది వస్తారో, రాబట్టడానికి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పాత నిష్పత్తుల పట్టిక వాడాం. ఏడాదికి 10 లక్షల నుంచి కోటి మంది దాకా అయితే అందులో 0.05 శాతం, 3 కోట్లు దాటితే 0.035. రద్దీ పెరిగేకొద్దీ రోజంతా సర్దుకుంటుంది కాబట్టి శాతం తగ్గుతుంది. మావాళ్లెవరో మొదటి ఏడాది గడిలోని 0.05ని చివరిదాకా లాగేశారు. 3.2 కోట్ల దగ్గర 11,200 రావాల్సింది 16,000 వచ్చింది. సిమ్యులేషన్ నమ్మకంగా దానికి సరిపడా హాలు గీసిపెట్టింది. మూడు నెలలకి గానీ పట్టుకోలేకపోయాం.

లెక్క సరిగ్గా ఉన్నా అంచనా తప్పొచ్చు. అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో వంద కోట్ల డాలర్లకి పైగా పోసి కట్టిన కొత్త రన్‌వే 2006లో తెరిచారు. ప్లాన్ వేసినప్పుడు అది టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్స్‌కి హబ్, అంటే వాళ్ల ప్రయాణికులు విమానాలు మారే కేంద్రం. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏని కొనేసింది, 2003లో అక్కడి సర్వీసులు బాగా కోసేసింది. అందుకే విమానం మారడానికి దిగేవాళ్లని, ఆ ఊరివాళ్లని వేరువేరు వరుసల్లో లెక్కేయండి. మొదటి రకం ఎయిర్‌లైన్స్ వాళ్ల ఒక్క బోర్డు మీటింగ్‌తో మాయమైపోతారు.

నేనైతే మామూలు ఎక్సెల్‌లో తక్కువ, మధ్య, ఎక్కువ అంచనాలు పెడతా. మాంటే కార్లో, అంటే అంకెల్ని యాదృచ్ఛికంగా మారుస్తూ వేలసార్లు లెక్కేసి చూసే పద్ధతి, తెలిస్తే ఇంకా నయం. రెండో టెర్మినల్ ఫలానా ఏడాదని కాకుండా, పీక్ అవర్ ఇంత దాటితే మొదలు అని రాస్తా. స్థలం మాత్రం ఇప్పుడే అట్టిపెట్టుకోవాలి.

ఏదైనా కొనాల్సొస్తే, డెమోలో వృద్ధి రేటు మార్చి మీ ఎదురుగానే మళ్లీ నడపమనండి. వారం పడుతుందంటే వద్దనేయండి.