నవల ఒకటి చెబుతోంది, గెజిటీరు మరొకటి: సమాధానం

నవలనూ, గెజిటీరునూ (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన గ్రంథం) ఒకే ప్రశ్న అడుగుతున్నారు, చిక్కు అక్కడే ఉంది. కోనసీమలో మీ ఊరి చరిత్రకు 1990లలో వచ్చిన నవల వాడుతున్నారు. 1850ల నాటి ఆ కథలో వరద రోజున బండి ధవళేశ్వరం ఆనకట్ట దాటింది, గెజిటీరుతో కుదరడం లేదు, దేన్ని వదలాలి అన్నారు. దేన్నీ వదలకండి.

1. తేదీలు, ఎకరాలు, శిస్తు గెజిటీరు నుంచే. ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇందులో నవలకు ఓటు లేదు.

2. చాలామంది దాటేసే మెట్టు ఇది: కథాకాలం పక్కన రచనాకాలం కూడా రాసుకోండి. పాత ఆనకట్ట మీదుగా వరద పొర్లిపోయేది. ఆ బండిని దాటించింది 1982లో పూర్తయిన, పైన రోడ్డున్న బ్యారేజీని చూసిన కన్ను. అంటే ఆ పేజీ రచయిత కాలానికి సాక్ష్యం, 1850లకు కాదు.
గెజిటీరుకూ ఇదే పరీక్ష. పాలన కోసం రాసింది కనుక శిస్తు కట్టే రైతు కనిపిస్తాడు. అతని పాలేరు, ఆశ్చర్యమేముంది, అంతగా కనిపించడు.

3. పాలేరును ఏమని పిలిచేవారు, కూలి ధాన్యం ఎక్కడ నిలబడి అందుకునేవాడు వంటివి నవలలో వెతకండి. పాత దస్తావేజులతోనో, పాలేర్ల కుటుంబాల పెద్దలతోనో సరిచూశాకే చరిత్రలో చేర్చండి.