ఉపగ్రహ నేల తేమ డేటాను నోట్‌బుక్‌లో చూడాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మీరు రెండు సంగతులు అడిగారు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌తో నాసా నేల తేమ డేటా మీద జూపిటర్ నోట్‌బుక్ (కోడ్‌ని ముక్కలుగా రాసి, ఫలితం అక్కడే చూసుకునే పేజీ) నడపగలమా? రాజాం చుట్టుపక్కల వరి తర్వాత మినుము, పెసర వేసే రైతులకి దానివల్ల ఏమైనా ఉపయోగం ఉందా? నోట్‌బుక్ హాయిగా నడుస్తుంది. ఉపయోగమూ ఉంది, కానీ ఒక్కో మడికి కాదు. చీపురుపల్లి వైపు మా మావయ్య పొలం కోసం నేను ఇదే పని చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లాప్‌టాప్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకండి. గూగుల్ వాళ్ల కొలాబ్ అనే వెబ్‌సైట్‌లో నోట్‌బుక్ తెరవండి. లెక్కంతా వాళ్ల సర్వర్‌లో జరుగుతుంది, మీ దగ్గర బ్రౌజర్ ఉంటే చాలు. డేటా ఫైళ్లు కూడా దించుకోవద్దు. నాసా నేల తేమ ఉపగ్రహం పేరు స్మాప్. దాని కొలతల్ని ఒక కంప్యూటర్ మోడల్‌తో కలిపి తయారుచేసిన లెవెల్ 4 డేటాలో మూడు గంటలకో ఫైలు చొప్పున రోజుకి 8 వస్తాయి, ఒక్కొక్కటీ ప్రపంచం మొత్తానిది. నేలనంతా చదరపు గడులుగా కోసిన ఆ ఫైల్లో మీకు కావలసింది ఒక్క గడి. దాన్ని గూగుల్ వాళ్ల ఉపగ్రహ డేటా సేవ ఎర్త్ ఇంజిన్ నుంచి నేరుగా తెచ్చుకోవచ్చు. వ్యాపారం కాని పనులకి అది ఉచితమే. ముందుగా మీ పేరు మీద ఒక గూగుల్ క్లౌడ్ ప్రాజెక్టు నమోదు చేసుకుని, నోట్‌బుక్ మొదటి సెల్‌లో (కోడ్ రాసే పెట్టెలో) ఆ ప్రాజెక్టు పేరిచ్చి లాగిన్ అవ్వాలి.

తర్వాత చాలామంది మ్యాపు గీయడానికి పరిగెడతారు. నా సలహా వేరు. ఒక్క పాయింటు, ఒక్క నెల, తేమ గ్రాఫులో ఒక్క గీత, అంతే. పలాస దగ్గర పాయింటు పెట్టి 2018 అక్టోబర్ నెల అడగండి. తిత్లీ తుఫాను తీరం దాటింది ఆ నెల 11న, అక్కడికి దగ్గర్లోనే. గీత ఆ తేదీ దగ్గర ఒక్కసారిగా పైకి లేవాలి. లేవలేదంటే తప్పు ఉపగ్రహానిది కాదు, మీ కోడ్‌ది. ముందు పాయింటు చూడండి. ఎర్త్ ఇంజిన్‌కి రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఇవ్వాలి. పలాసకి 84.4, 18.8 అన్నమాట. తిరగేసి ఇస్తే పాయింటు ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది, పట్టిక ఖాళీగా వస్తుంది. సమయం కూడా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. అక్కడ 1:30 అంటే మనకి ఉదయం 7 గంటలు. రోజువారీ సగటు తీసే ముందే ఐదున్నర గంటలు కలపండి.

ఇది కుదిరాక 2015 ఏప్రిల్ నుంచి మొత్తం లాగాలనిపిస్తుంది. ఒకేసారి అడిగితే 5000 వరుసల పరిమితి దాటిందని ఎర్రక్షరాల్లో ఎర్రర్ వస్తుంది. ఏడాదికి మూడువేల లోపే అవుతాయి కాబట్టి ఏడాదికొకసారి చొప్పున లాగి, పాండాస్‌లో (పైథాన్‌లో పట్టికల సాధనం) అతికించి, సీఎస్‌వీ అనే పట్టిక ఫైలుగా గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకోండి. కొలాబ్ కనెక్షన్ తెగితే అందులోని ఫైళ్లు పోతాయి. మన ఊళ్లలో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంకో అలవాటు: సెల్స్‌ని పైకీ కిందకీ ఇష్టం వచ్చినట్టు నడుపుతూ పోతే పాత విలువలు లోపల మిగిలిపోయి, గీత సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది. ఎవరికైనా చూపించే ముందు రీస్టార్ట్ చేసి మొదటి సెల్ నుంచి చివరిదాకా నడపండి.

ఇక అసలు సంగతి. గీత తయారయ్యాక మా మావయ్యకి చూపించాను. కాసేపు చూసి, "ఏటిరా బాబూ, ఇది మన మడిదేనా?" అన్నాడు. కాదు. గడి కొలత 9 కిలోమీటర్లు. అంటే సుమారు 20 వేల ఎకరాలకి కలిపి ఒకే అంకె. మెరక, పల్లం, చెరువు కింది మడి, జీడితోట అన్నీ అందులోనే. ఆయన గుప్పెడు మట్టి తీసి పిసికి, ముద్ద కట్టిందో లేదో చూసి పదును చెప్పేస్తాడు. ఆ మడి వరకు ఆ మాటే సరైనది, ఉపగ్రహం దానికి పోటీ కాదు.

మరి ఉపయోగం ఎక్కడంటే, అదే గడిని దాని పాత సంవత్సరాలతో పోల్చడంలో. నవంబర్ 15 నుంచి డిసెంబర్ 15 వరకు వేర్ల లోతు తేమని, అంటే పై మీటరు మట్టిలోని తేమని, ఏడాదికో గీతగా ఒకే బొమ్మ మీద వెయ్యండి. ఈ ఏడు గీత గుంపులో పైన ఉందా, అడుగున ఉందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. నేల తడిగా ఉండగానే మినుములు చల్లే ప్రాంతంలో ఈ ఒక్క బొమ్మ చాలా విలువైనది. మా మావయ్య కూడా ఆ బొమ్మ దగ్గరే ఆగి, తనకి గుర్తున్న కరువు ఏడు ఏదో వెతుక్కున్నాడు.

రెండుచోట్ల మాత్రం జాగ్రత్త. ఈ ఉపగ్రహం నేల వెలువరించే 1.41 గిగాహెర్ట్జ్ తరంగాలని వింటుంది. నేల తడిస్తే ఆ తరంగాల బలం తగ్గుతుంది. కానీ అది ఒకేసారి చూసే మేర సుమారు 40 కిలోమీటర్లు. 9 కిలోమీటర్ల గడి తర్వాత లెక్కల్లో వచ్చింది. అందుకే సోంపేట, కళింగపట్నం లాంటి తీరపు చోట్ల సముద్రం కలిసిపోతుంది. అక్కడి లెవెల్ 4 అంకె ఎక్కువగా వాన లెక్క మీద నడిచే మోడల్ మాటే అనుకోండి. రెండోది కాలువ నీళ్లు. తోటపల్లి ఆయకట్టులో వదిలిన నీరు ఆ మోడల్‌కి తెలియదు. వానాధార భూములకే ఈ గీతని ఎక్కువగా నమ్మండి.

వీలైతే మట్టితో సరిచూసుకోండి. పై 5 సెంటీమీటర్ల మట్టిని మూత ఉన్న డబ్బాలో తీసి, తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఎండబెట్టి మళ్లీ తూచండి. 130 గ్రాముల మట్టి 110కి దిగితే పోయిన నీరు 20. దాన్ని 110తో భాగించి, ఎండిన మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకి 1.4 గ్రాములైతే దానితో గుణిస్తే సుమారు 0.25 వస్తుంది. అంటే మట్టి ఘనపరిమాణంలో నీటి వంతు. స్మాప్ ఇచ్చేదీ ఇదే కొలమానం. ఒక్క మడి మట్టి చాలదు, గడిలో నాలుగైదు చోట్ల తీసి సగటు వెయ్యండి. ఓవెన్ కోసం మీ కాలేజీ ల్యాబ్‌లో గానీ ఆమదాలవలస కేవీకేలో (కృషి విజ్ఞాన కేంద్రంలో) గానీ అడిగి చూడండి.